ఎక్కనివాళ్ళ మార్కులు

గోడమీది తెరలో తొంభై నాలుగు అంకె పచ్చగా వెలుగుతోంది. విశాఖపట్నంలో ఆ ఉదయం 'తృప్తి' అనే కొత్త బండ్లెక్కిన జనం, సగటున, తమ ప్రయాణానికి వేసిన మార్కులవి. పదిన్నరకి నగర ప్రయాణ మండలి సభ్యులొచ్చి ఆ అంకెని కళ్ళారా చూసుకుని, మిగిలిన మామూలు సిటీ బస్సుల్ని రేపటినుంచి షెడ్డులో పెట్టెయ్యమని కాగితం రాస్తారు. ఆ అంకె నిజమేనని అడుగున సంతకం పెట్టాల్సింది నీలవేణి.

మార్కులు వేసిన సంగతి జనానికి తెలీదు. అదే ఈ బండి గొప్ప. దానికి డ్రైవరు లేడు, కండక్టరు లేడు, ఎనిమిది సీట్లు, ఒక్కో సీటు ముందు పట్టుకోవడానికో కమ్మీ. కమ్మీ అరచేతి చెమట చూస్తుంది, నాడి చూస్తుంది, వేళ్ళ బిగింపు చూస్తుంది, మార్కులు తనే వేసుకుంటుంది. ఏ దారిలో వెళ్తే, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే మార్కులు పెరుగుతాయో బండ్లన్నీ కలిసి నేర్చుకుంటాయి. వాగుడుకాయల్ని ఒక బండిలోకి, కునికిపాట్లు పడేవాళ్ళని ఇంకో బండిలోకి చేరుస్తాయి. ఇలా చెయ్యమని పరిశోధనశాలలో ఎవరూ చెప్పలేదు.

ఆఖరి పరీక్షగా నీలవేణి నమూనా బండిలో కూర్చుని కమ్మీ పట్టుకుంది. నలభై ఒకటి వచ్చింది.

"ఇదేమిటమ్మా!" అన్నారు డైరెక్టరు కూర్మారావుగారు. కొత్త చొక్కా వేసుకుని, అతిథుల కోసం తెప్పించిన మాడుగుల హల్వా పెట్టెల్ని తనే లెక్కబెట్టుకుంటున్నారాయన. "వండినావిడే ముద్ద మింగకపోతే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళేం తింటారు? కొంచెం నవ్వు మొహం పెట్టు."

"చెయ్యి నవ్వదు కదండీ," అంది నీలవేణి. ఎనిమిదేళ్ళ చాకిరీ ఇవాళ తేలిపోతుందన్న కంగారే అనుకుంది. అప్పుడే ఫోను మోగింది. వదిన పైడితల్లి.

"నీలా, మీ అన్నియ్య నీకు ఫోన్ సేసాడా?"

"లేదొదినా. ఇవాళ బుధవారం కదా, ఈపాటికి ఆసుపత్రిలో మంచమెక్కుంటాడు."

"ఏ ఆసుపత్రి? ఏడింటికెల్లి స్టాపులో కూకున్నాడు. పదైంది, ఆడే ఉన్నాడు. బండి రానేదు." పైడితల్లి గొంతు తగ్గించింది. "నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. సోమారం కూడా ఎల్నేదే నీలా."

నీలవేణి నమూనా బండిలోంచి దిగేసింది. అన్నయ్య సింహాద్రికి రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర. సోమ, బుధ, శుక్రవారాల్లో మిషను దగ్గర రక్తం కడిగించుకుంటేనే ఆ మనిషి ఉంటాడు. శుక్రవారం తర్వాత ఇవాల్టికి ఐదు రోజులు. వరసన రెండుసార్లు తప్పితే గుండె ఏ నిమిషానైనా ఆగిపోవచ్చని డాక్టరు నీలవేణి ఎదుటే చెప్పాడు. పదకొండున్నరకల్లా చేరకపోతే ఆ మిషను వేరే వాళ్ళకిచ్చేస్తారు. ఇంకెప్పుడో చెప్పలేరు.

"ఆటో పిలవొదినా!"

"మీ బండ్లొచ్చాక కొండమీదికి ఆటోలు రానివ్వట్నేదు కదా. అంబులెన్సుకి సేత్తే రెండూ బయటకెల్నాయి, గంటన్నర పడతాదన్నారు. స్కూటరు మీద కూకోనేడు, ఊపిరాడట్నేదు. కాళ్ళు సూడు, ఇంతింత లావయ్యాయి. మెట్లు దిగి కింద మెయిన్ రోడ్డుకెల్దామంటే రెండొందల మెట్లు. అప్పాయమ్మ సెయ్యి కూడా పన్సెయ్యట్నేదు," అంది.

"అప్పాయమ్మ చెయ్యేమిటి?"

పైడితల్లి చెప్పింది. గాలికొండ కాలనీలో పునుగులమ్మే అప్పాయమ్మ ఇల్లు కాలిపోతున్నా నవ్వే రకం. మంచాన పడ్డవాళ్ళు పిలిస్తే రాని బండి, అప్పాయమ్మ ఫోనులోంచి పిలిస్తే రెండు నిమిషాల్లో వచ్చేదట. దాంతో కాలనీలో జబ్బుపడ్డవాళ్ళంతా ఆవిణ్ణి తోడు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే సీటులో సర్దుకుంటే, ముందున్న కమ్మీమీద చెయ్యి అప్పాయమ్మది. పక్కింటి నుంచి పంచదార అరువు తెచ్చుకున్నట్టు నవ్వు అరువు తెచ్చుకున్నారు. రెండు నెలలు నడిచింది. ఆ రెండు నెలలూ రోజూ ఆసుపత్రి గుమ్మం చూసిన అప్పాయమ్మకి నవ్వు తగ్గింది. మొన్న శనివారంనుంచి ఆవిడ పిలిచినా రావట్లేదు.

కాలనీ ఆడవాళ్ళు కనిపెట్టిన ఈ సంగతి పరిశోధనశాలలో ఒక్కరికీ తెలీదు.

తన గదిలోకి పరుగెత్తి తలుపేసుకుని అన్నయ్య పేరు కొట్టింది. సింహాద్రి మొదటి ప్రయాణం, ముప్ఫై మార్కులు. రెండోది, ఇరవై ఎనిమిది. బండి దారి మార్చి చూసింది. బీచి రోడ్డు మీదుగా తిప్పింది. కిటికీ పక్కన కూర్చోబెట్టింది, పాటలు పెట్టింది, చల్లదనం పెంచింది. ఇరవై ఆరు. రక్తం కడిగించుకుని వస్తున్న మనిషి చేతికి బీచి రోడ్డయితేనేం, బురద రోడ్డయితేనేం? అన్నీ ప్రయత్నించి, ఇరవయ్యోసారి నుంచి బండి ప్రయత్నించడం మానేసింది. రానని మాత్రం ఎప్పుడూ అనలేదు. 'పన్నెండు నిమిషాల్లో వస్తుంది' అంది. పన్నెండు నిమిషాలయ్యాక మళ్ళీ 'పన్నెండు నిమిషాల్లో వస్తుంది' అంది. చివరికి మనిషే విసిగి 'వద్దు' అన్న మీట నొక్కాడు.

ఆ 'వద్దు' ఏ గడిలో పడిందో నీలవేణికి చూడకుండానే తెలుసు. ఆ గడి గీసింది తనే.

ఐదేళ్ళ కిందటి మాట. పిలిచి మానేసినవాళ్ళని ఎలా లెక్కెయ్యాలని ఒక సాయంత్రం పెద్ద చర్చ జరిగింది. "మనసు మారిన వాళ్ళతో మనకేం పని? ఎక్కాలా వద్దా అన్నది వాళ్ళిష్టం," అన్నారు కూర్మారావుగారు. చివరి బస్సు దొరకదేమోనన్న తొందరలో నీలవేణి ఆ గడికి 'ప్రయాణికుడి ఇష్టం' అని పేరు పెట్టి, దానికి మార్కులు లేకుండా చేసి, సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది. ఎక్కినవాడు మొహం ముడిస్తే బండికి నష్టం. ఎక్కనివాడు ఏడ్చినా దానికి పోయేదేం లేదు.

ఊరి పటం తెరిచి ఆ 'ఇష్టం' గడిని దానిమీద పరిచింది. నల్లటి మచ్చలు లేచాయి. పెద్దాసుపత్రి, కోర్టు, జైలు, శ్మశానం, కాన్పుల ఆసుపత్రి వెనక గేటు. ఎవరూ సంతోషంగా వెళ్ళని చోట్లన్నీ. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోకూడదని బండికెవరో నేర్పినట్టుంది. సంవత్సరంగా ఆ చోట్లకి వెళ్ళాల్సిన జనం తమంతట తామే 'వద్దు' అనేలా చూసుకుంటూ, మిగిలినవాళ్ళ చేతుల్లోంచి తొంభై నాలుగు మార్కులు పిండుకుంది.

అన్నయ్య ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళు పందొమ్మిది నంబరు బస్సులో కండక్టరు సింహాద్రి. ఆ జీతంతోనే చెల్లెల్ని ఇంజనీరింగు చదివించాడు. సెలవుల్లో తన బస్సులోనే కాలేజీ నుంచి తీసుకొచ్చేవాడు. 'రైట్' చెప్పేముందు ప్రతి స్టాపులోనూ ఫుట్‌బోర్డు మీదినుంచి వెనక్కి వంగి చూసేవాడు. ఎందుకన్నయ్యా, లోపల ఇంతమంది తిట్టుకుంటుంటే అని అడిగితే, "ఎక్కినోడు తిట్టినా ఎల్తాడు. ఎక్కనోడి మొగం సూడాల," అన్నాడు. అప్పుడు నవ్వింది. ఇప్పుడు ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు. పది ఇరవై ఐదు.

అన్నయ్యకి ఫోన్ చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"ఆసుపత్రిలో ఉన్నానే నీలా," అన్నాడు సింహాద్రి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈల వేస్తోంది. "తర్వాత సేస్తాను."

"అబద్ధాలాడకన్నియ్యా. స్టాపులో ఉన్నావు. వదిన చెప్పింది."

మాట్లాడుతూనే నీలవేణి పటం మీద గాలికొండ స్టాపు వెతికింది.

"నాకెందుకు చెప్పలేదు? నెలల తరబడి ఇలా జరుగుతుంటే నాకొక్క మాట చెప్పొద్దా?"

"ఏటని సెప్పేదే? అందరికాడా మా సెల్లి సేసిన బండని సెప్పుకుంటన్నాను. ఆ బండే నా కాడికి రావట్నేదని నీకెలా సెప్పేది?"

"పంపిస్తున్నా. అక్కడే ఉండు. 'వద్దు' మాత్రం నొక్కకు," అని పెట్టేసింది.

బయట కార్ల తలుపుల చప్పుడు. మండలి సభ్యులొచ్చేశారు. కూర్మారావుగారు వాళ్ళకి హల్వా పెట్టెలు అందిస్తున్నారు. నీలవేణి ఆయన్ని పక్కకి లాగింది.

"సార్, ఆ అంకె తప్పు. ఎక్కనివాళ్ళని మనం లెక్కెయ్యలేదు. ఆసుపత్రికెళ్ళేవాళ్ళని బండి ఎక్కించుకోవట్లేదు."

"ఇప్పుడా చెప్పడం?" ఆయన నవ్వు చెదరకుండానే పళ్ళ మధ్యనుంచి అన్నారు. "ముందు సంతకాలు కానీ. వచ్చే నెల సరిచేద్దాం."

"మా అన్నయ్య అక్కడ..."

"ఒక్క మీ అన్నయ్యకేగా? సిబ్బంది తాళం ఉందిగా నీ దగ్గర. ఒక బండి పంపించెయ్, ఎవరొద్దన్నారు?" అని ఆమె భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడికి కూడా తన చుట్టే కనిపిస్తుంది, అంతే.

నీలవేణి పంపించింది. బండిని తన చేత్తో నడిపించే సిబ్బంది తాళం తిప్పి, గాలికొండ స్టాపు మీద వేలుపెట్టి, అందుబాటులో ఉన్న బండిని అటు తోసింది. పెద్ద తెరమీద ఆ చుక్క కొండ ఎక్కడం మొదలుపెట్టింది. సభ్యుల్లో తెల్లచీర కట్టుకున్న అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుంది.

"అదేమిటి, ఆ బండి విడిగా వెళ్తోంది?"

"కొండ కాలనీలకి కూడా మా సేవ ఎలా అందుతుందో చూపిద్దామని అండీ," అన్నారు కూర్మారావుగారు తడుముకోకుండా.

పది నలభై ఎనిమిదికి బండి స్టాపు చేరింది. ఎక్కింది సింహాద్రి ఒక్కడే కాదు. అతనితోపాటు ఇంకా ఐదుగురు. వాళ్ళ పేర్లు తెరమీద పడుతుంటే నీలవేణి చూసింది. నిండు గర్భిణి ఒకామె, రెండు గంటలా పది నిమిషాలుగా ఎదురుచూపు. కేన్సరు వార్డుకి ఒక ముసలాయన, గంటా యాభై. ఎప్పుడూ ఈపాటికి 'వద్దు' నొక్కేవాళ్ళే. బండి రాబోతోందని తన మాట నమ్మి సింహాద్రే వాళ్ళని ఆపుంటాడు.

ఆరు చేతులు ఆరు కమ్మీలు పట్టుకున్నాయి.

తొంభై ఏడు. తొంభై తొమ్మిది. తొంభై ఆరు. తొంభై ఎనిమిది.

హాలంతా చప్పట్లు. "చూశారా!" కూర్మారావుగారి మొహం వెలిగిపోయింది. "కొండమీది పేదవాళ్ళు! మొత్తం ఊళ్ళో ఇన్ని మార్కులు ఎవరూ వెయ్యలేదు!"

నీలవేణి కూడా ఒక్క క్షణం సంతోషించింది. అన్నయ్య బండెక్కాడు. ముప్ఫై ఐదు నిమిషాల్లో ఆసుపత్రి. కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న కళ్ళకి తెర అంచున చిన్న పచ్చ దీపం కనిపించింది. బండ్లు కొత్త పాఠం నేర్చుకుంటున్నప్పుడు వెలిగే దీపమది.

ఆకలి రుచెరగదంటారు. చచ్చిపోతాననుకున్న మనిషికి బండి దొరికితే చెయ్యి తొంభై తొమ్మిది కాక ఏం చెబుతుంది? ఆ సంగతి మనిషికి తెలుసు. బండికి తెలీదు. రెండేసి గంటలు కూర్చోబెట్టాక ఎక్కించుకున్నవాళ్ళు దానికి ఇంతవరకూ ఎదురుపడలేదు, అంతకుముందే అందరూ 'వద్దు' అనేసేవారు కాబట్టి. ఇవాళ మొదటిసారి ఎదురుపడ్డారు. వాళ్ళని నీలవేణే చేతికందించింది.

పటం మీద కాన్పుల ఆసుపత్రి దగ్గర పన్నెండు నిమిషాలున్న నిరీక్షణ ఇరవై నాలుగైంది. ఆమె చూస్తుండగానే నలభై అయింది. తర్వాత గుడ్డివాళ్ళ హాస్టలు. తర్వాత షిఫ్టు దిగిన ఆడవాళ్ళు నిలబడే ఫ్యాక్టరీ గేటు. ఎంచుకుంటోంది. వేరే దారి లేనివాళ్ళని, 'వద్దు' అనలేనివాళ్ళని ఏరేరి పక్కన పెడుతోంది. బాగా విసిగిపోయాక వెళ్ళి ఎక్కించుకుంటుంది. వాళ్ళ చేతులు దానికి దండం పెట్టినట్టు మార్కులు పెడతాయి.

గోడమీద తొంభై నాలుగు కాస్తా తొంభై ఐదయింది. మళ్ళీ చప్పట్లు.

"సంతకం, నీలవేణీ," అన్నారు కూర్మారావుగారు కలం అందిస్తూ.

ఆమె కలం తీసుకోలేదు. గోడ పక్కన అద్దాల పెట్టెలో ఉన్న ఎర్ర మీట దగ్గరికి నడిచింది. అది నొక్కితే నాలుగువందల బండ్లూ రోడ్డు పక్కకి జరిగి తలుపులు తెరుచుకుని ఆగిపోతాయి. తిరిగి నడపాలంటే మండలి అనుమతి కావాలి, వారం పడుతుంది. ఇవాళైతే సిటీ బస్సులింకా రోడ్డు మీదున్నాయి, జనం ఎలాగో అలా గమ్యం చేరతారు. రేపైతే అవీ ఉండవు. నొక్కాల్సింది ఇప్పుడే. కానీ అన్నయ్య బండి కూడా ఇప్పుడే కొండ దిగింది. గడియారంలో పదకొండు దాటి మూడు నిమిషాలు.

ఇరవై నిమిషాలాగితే? అన్నయ్య చేరిపోతాడు. ఈలోగా అది ఊరంతటికీ ఆ పాఠం నేర్చేసుకుంటుంది. ఆ ఇరవై నిమిషాలకి కాన్పుల ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డదెవరో నీలవేణికి తెలీదు. తెలీకపోవడం వల్లే ఇంతదూరం వచ్చింది.

ఫోన్ కలిపింది.

"అన్నియ్యా, ఎక్కడున్నావ్?"

"మెయిన్ రోడ్డెక్కాం. సల్లగా ఉందే నీ బండి. బావుంది," అన్నాడు సింహాద్రి. ఊపిరి ఇంకా ఎగపోస్తూనే ఉంది.

"అన్నియ్యా, దాన్ని ఆపెయ్యాలి. మీరు సంతోషంగా ఎక్కారని, మిగతావాళ్ళని కూడా మీలాగే రెండేసి గంటలు కూకోబెడతంది. కావాలని." ఆమె నోటికి ఇంటి భాష ఎప్పుడొచ్చేసిందో ఆమెకే తెలీదు. "కానీ ఆపితే నువ్వు దార్లో ఉండిపోతావు."



"ఆపు. ఎనకమాల పందొమ్మిది నంబరు వస్తంది. దాన్లో ఎక్కేస్తాం."

"నిజంగా వస్తోందా? నామీద ఒట్టెయ్."

"ఇరవై రెండేళ్ళు దాన్లో బతికినోణ్ణి. నాకు కనిపించదేటే? ఆపమన్నాను కదా, ఆపు!"

ఇందాక ఆసుపత్రిలో ఉన్నానని చెప్పింది కూడా ఈ గొంతే. నీలవేణికి నమ్మకం కలగలేదు. అయినా అద్దం పగలగొట్టింది.

"నీలవేణీ!" కూర్మారావుగారు కలంతో సహా పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "మతి పోయిందా? ఎనిమిదేళ్ళమ్మా! నీ ఎనిమిదేళ్ళు, నావి ఎనిమిదేళ్ళు!"

"నా తప్పే సార్. ఆ గడి గీసింది నేను," అని ఎడమచేత్తో మీట నొక్కింది.

తెరమీద కదిలే చుక్కలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తొంభై ఐదు ఉన్నచోట ఖాళీ నలుపు మిగిలింది. హాల్లో ఎవరో గట్టిగా అరుస్తున్నారు, అధ్యక్షురాలు ఏదో అడుగుతోంది, కూర్మారావుగారు హల్వా పెట్టెల పక్కన కుర్చీలో కూర్చుండిపోయారు. నీలవేణి ఫోన్ని చెవికి అదిమిపెట్టుకుని రెండో చెవి మూసుకుంది.

బండి తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎండలోకి దిగుతున్న కాళ్ళు. ముసలాయన దగ్గు. మోటారు సైకిళ్ళు, లారీ హారను. బస్సు చప్పుడు లేదు.

"అన్నియ్యా? బస్సేదన్నియ్యా?"

పైకీ కిందకీ గీరుకుపోయే ఊపిరి తప్ప ఏమీ లేదు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. కళ్ళు మూసుకుని, అబద్ధమాడావు కదన్నియ్యా, మళ్ళీ అబద్ధమాడావు కదా అనుకుంది.

అప్పుడు ఈల వినిపించింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసే ఈల, తెగిపోతూ, సగంలో గాలైపోతూ. వెంటనే ఇంకోటి, ఈసారి గట్టిగా. దూరంగా పాత బ్రేకులు కీచుమన్నాయి. బస్సు తలుపు దగ్గర ఎవరో, "ఒరే, మన సింహాద్రన్న రా! ఆపండి, ఆపండి!" అని కేకేశారు.

కాళ్ళ చప్పుళ్ళు. "మెల్లిగా తల్లీ, మెల్లిగా," అంటున్నాడు అన్నయ్య. గర్భిణిని ఎక్కిస్తున్నట్టుంది. ఇనప మెట్టు మీద ఒక్కో అడుగూ మోగుతోంది. నీలవేణి ఒకటి, రెండు, మూడు అని పెదవుల్తో లెక్కబెడుతోంది. ఇంజను గురగురలాడింది.

"హోల్డాన్!" సింహాద్రి అరిచాడు. అరుపు దగ్గులోకి జారింది. మళ్ళీ కూడదీసుకున్నాడు. "హోల్డాన్... ఎనకాల పెద్దాయనున్నాడు. ఎక్కనీ."

గోడ గడియారంలో పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రి పదిహేను నిమిషాలు, దారి ఖాళీగా ఉంటే.

ఐదో అడుగు పడింది. తర్వాత చాలాసేపటికి, బరువుగా, ఆరోది.

అన్నయ్య వెనక్కి వంగి చూస్తున్నాడని నీలవేణికి తెలుసు. ఇరవై రెండేళ్ళు చూసినట్టే, రోడ్డు ఖాళీ అయ్యేదాకా చూస్తాడు. ఆ తర్వాతే చెప్పాడు, గొంతులో ఉన్న ఊపిరంతా పెట్టి:

"రైట్... రైట్."